బండి జాగ్రత్త చిట్టీ

అల్లుడి ఇంటి వెనక గది నుంచి

చిట్టికి,

అక్క రాసేది. ఫోను చేస్తే అమ్మాయి పక్కనే నిలబడి వింటుంది. మొన్న అల్లుడు కూడా "అత్తయ్యగారికి ఇంకా అవలేదా" అన్నాడు. అందుకని కాగితం పట్టుకున్నాను. మీ గోడౌనుకి సరుకు తెచ్చే లారీ డ్రైవరు మా వీధి చివరే ఉంటాడు, ఉత్తరాలు అతని చేతికే ఇస్తాను, నువ్వూ అతనికే ఇవ్వు. పెద్దగా చదువుకున్నదాన్ని కాదు, తప్పులుంటే నవ్వుకో.

బండి మీకు పంపిన రోజు నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. ఇచ్చినందుకు కాదమ్మా. మరిది పరంజా మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు, అద్దె ఇల్లు పోయింది, నీకు ఆ గోడౌను వంటగదిలో పని దొరికింది, స్థలం చూపిస్తాం ఉండే గూడు మీరే తెచ్చుకోండి అన్నారు. అప్పుడు తోడబుట్టినదాన్ని నేను ఇవ్వకపోతే ఎవరిస్తారు? కానీ అది మామూలు బండి కాదు, నీకూ తెలుసు. మీ బావగారు రిటైరయ్యాక ముచ్చటపడి కొన్న ట్రైలర్, చక్రాల మీద ఇల్లు. కారు వెనక తగిలించుకుని ఊరూరా తిరుగుదాం, మంచం మనదే పొయ్యి మనదే, ఒకరి గడప తొక్కక్కర్లేదు అన్నారు. ఒక్క ఊరు చూశాం. రెండో ఊరికి ఆయన లేరు. రేపు అల్లుడు మొహం చిట్లిస్తే నేను తల దాచుకోవలసింది కూడా అందులోనే. నాదని చెప్పుకునే కప్పు అదొక్కటే.

అందుకని చెప్తున్నాను, కోపం తెచ్చుకోకు. పైన రేకు మీద బరువులు పెట్టకు. కిటికీలు గట్టిగా లాగకు, అంచున రబ్బరు ఊడి వస్తుంది. కప్పు మధ్యలో గాలి పోయే మూత ఉంది చూడు, దాని జోలికి పోకు. ఒకసారి గాలివానకి అది ఎగిరిపోతే మీ బావగారు చీకటి పడేదాకా వెతికారు. లోపల పోపు వెయ్యకు, వాసన పట్టేస్తుంది. పరుపు మీద ప్లాస్టిక్ తొడుగు కొన్నప్పటిది, అది మాత్రం తియ్యకు.

మరిదిని అడిగానని చెప్పు.

అక్క

*

గోడౌను వెనక, చెట్టు కింద నుంచి

అక్కా,

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. "మీ అక్కకి బండి మీదున్న బెంగలో సగం నా మీద ఉన్నా ఈపాటికి లేచి పరిగెత్తేవాణ్ణి" అన్నాడు. పడుకున్నా నోరు మాత్రం పడుకోలేదు, చూశావా.

నువ్వు బెంగపడకు. ఇక్కడ అంతా సిమెంటు నేల. ఎండ పొద్దున్నే మొదలవుతుంది, మధ్యాహ్నానికి బండి లోపల గోడ మీద చెయ్యి పెట్టలేం. మొదటి వారం ఆయన నాలిక పిడచకట్టుకుపోయి మాట రాక కళ్లతో చూశాడు. ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఆసుపత్రి డాక్టరమ్మ ఏమందంటే, వెన్ను దెబ్బతిన్నవాళ్లకి చెమట సరిగా పట్టదట, లోపలి వేడి బయటికి పోయే దారి ఉండదట. "మందులు నేనిస్తాను, చల్లగా ఉంచడం నీ పని. ఒళ్లు బాగా వేడెక్కిందంటే మనిషి నీకు దక్కడు" అంది.

ఏసీ పెట్టె ఉందిగానీ సూపర్‌వైజరు లాగి ఇచ్చిన తీగ ఒక ఫ్యానుకీ ఒక బల్బుకీ మించి ఆగదు. అందుకని పనివాళ్లని బతిమాలి బండిని తోయించి ఈ చెట్టు కిందికి తెచ్చాను. పెద్ద కిటికీ పడమటికి లేకుండా తిప్పించాను. కిటికీలకి లోపలి వైపు సరుకు చుట్టే వెండి రంగు కాగితం అంటించాను. పక్కన మడత పెట్టి ఉన్న గుడ్డ పందిరి లాగాను. గోనె సంచులు తడిపి పైన పరిచాను. నీడ వైపు కిటికీ కొంచెం, పైన మూత కొంచెం తీశానంటే, అక్కా, వేడంతా పైనుంచి పోయి కింద నుంచి చల్లగాలి కాళ్లకి తగులుతుంది. ఆయనకి కాళ్లు తెలియవనుకో. అయినా "చల్లగా ఉందే" అంటాడు నన్ను నవ్వించడానికి.

నువ్వు కొన్నాళ్లు వచ్చి ఉండరాదా?

చిట్టి

*

అల్లుడి ఇంటి వెనక గది నుంచి

చిట్టికి,

నీ ఉత్తరం చదివి ముద్ద దిగలేదు.

తడి గోనె సంచులా? రేకు మీదా? ఆ రేకు ఎంత పల్చనో నీకు తెలుసా, ఒక్క చోట తుప్పు చుక్క పడితే పొక్కులు పొక్కులుగా పాకుతుంది, ఆపటం మన తరం కాదు. కిటికీలకి కాగితం ఏం పెట్టి అంటించావు? జిగురు పెడితే అద్దం మీద మరకలు చచ్చినా పోవు. గుడ్డ పందిరి మీ బావగారు ఒక్కసారే లాగారు, అది కూడా ఫొటో కోసం. పైన మూత తియ్యొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను, నువ్వు అదే తీశావు.

వీటన్నిటికంటే ఆ చెట్టు. ఎలాంటి చెట్టో, ఎంత పాతదో, లోపల పుచ్చిపోయిందో ఏమో. నిన్న కలలో పెద్ద కొమ్మ విరిగి సరిగ్గా బండి నడుం మీద పడింది. లేచి కూర్చుని మళ్లీ పడుకోలేదు. లోపల మరిది కూడా ఉంటాడు కదా, నాకు ఆయన అంటే ప్రాణం కాదా? మీ సూపర్‌వైజరుకి విడిగా ఉత్తరం రాస్తున్నాను, కొమ్మ పడి బండికి ఏమైనా అయితే పూచీ ఎవరిది అని. నీ మంచికే.

ప్లాస్టిక్ తొడుగు సంగతి నువ్వు రాయలేదు. తీసేశావా?

అక్క

*

గోడౌను వెనక, చెట్టు కింద నుంచి

అక్కా,

తీసేశాను. ఆయన వీపు ప్లాస్టిక్‌కి అంటుకుని, తిప్పితే తోలు ఊడి వచ్చింది. ఇప్పుడు పాత నూలు చీర మడత వేసి పడుకోబెడుతున్నాను, పుళ్లు మానుతున్నాయి. తొడుగు చింపలేదు, మడిచి అలమరలో పెట్టాను.

గోనె సంచులు కూడా తీసేస్తాను, నీకు అంత బాధైతే. కాగితం సబ్బు నీళ్లతో అంటించాను, నీళ్లతోనే పోతుంది. మూత, చెట్టు మాత్రం ఉండనివ్వు. చెట్టు ఏపుగా ఉంది, పనివాళ్లందరూ దాని కిందే భోంచేస్తారు. సూపర్‌వైజరుకి రాయకు అక్కా. అతను పిరికివాడు. పూచీ అన్న మాట వింటే కుర్చీలోంచి లేచిపోతాడు.

నీ కాళ్లు పట్టుకుంటాను.

చిట్టి

*

అల్లుడి ఇంటి వెనక గది నుంచి

చిట్టికి,

నీ ఉత్తరం అందేసరికే సూపర్‌వైజరుకి రాసింది వెళ్లిపోయింది. ఎంత మర్యాదస్తుడే! వెంటనే జవాబు పంపాడు. "మీరు నిశ్చింతగా ఉండండి, బండిని చెట్టుకి దూరంగా బయట పెట్టిస్తాను, ఆ చెట్టు సంగతి కూడా చూస్తాను. మీరు చెప్పకుండా బండిమీద ఎవరూ చెయ్యి వెయ్యరు" అని. చదివాక చాలా రోజులకి కడుపు నిండా తిన్నాను.

ఇంకో మంచి మాట. మీ బావగారి కారు చూసే మెకానిక్కు అటు వైపు వస్తున్నాడు. పైన మూత సంగతి చెప్పి ఏడిస్తే "పెద్దమ్మా, ఏడవకండి, రేకు ముక్క వేసి మరలు బిగించి చుట్టూ తారు పూసేస్తాను, ఈ జన్మకి తెరుచుకోదు" అన్నాడు. గాలివానలు వస్తున్నాయి కదా. అతని చేతే కొత్త ప్లాస్టిక్ తొడుగు పంపుతున్నాను, దళసరిది. పాతది మడిచావు కదా, మడత పడ్డచోట పగులుతుంది. పుళ్లకి మందు రాసి, తొడుగు మీద పల్చటి దుప్పటి వేసుకో. పరుపులోకి రసి దిగితే ఇంక ఆ పరుపు ఎందుకు పనికొస్తుంది చెప్పు.

తలుపు రోడ్డు వైపు ఉండేలా పెట్టించమని సూపర్‌వైజరుకి రాశాను. దొంగలు వస్తే కనబడాలి.

నువ్వు నా మీద అలిగి ఉంటావు. పెద్దదాన్ని, అంతా నేనే ఆలోచించాలి.

అక్క

*

గోడౌను వెనక, ఎండలోంచి

అక్కా,

నిన్న నేను వంటగదిలో ఉండగా సరుకులెత్తే బండితో లాగి ట్రైలర్‌ని మైదానం నడిమధ్యన పెట్టారు. ఆయన లోపలే ఉన్నాడు. "ఊరు చూపిస్తున్నారా బాబూ" అని అడిగాడట. తలుపు రోడ్డు వైపు పెట్టారు, దాంతో పెద్ద కిటికీ సరిగ్గా పడమటికి వచ్చింది. చెట్టుని మొదలంటా కొట్టేశారు. ఆ చోట సరుకు పెట్టెలు పేరుస్తున్నారు.

మీ మెకానిక్కు వచ్చి మూత బిగించి తారు పూశాడు. నేను నిచ్చెన పట్టుకుని లాగాను. "నన్ను చంపకమ్మా, పెద్దమ్మగారి మాట" అన్నాడు. పాపం తలవంచుకునే వెళ్లాడు.

లోపల ఇప్పుడు ఎలా ఉందో నీకు చెప్పడానికి నాకు మాటలు రావు. పెనం మీద మూత బోర్లించినట్టు ఉంది. గుడ్డ తడిపి ఆయన ఛాతీ మీద వేస్తే నేను కూరగాయలు తరిగి వచ్చేసరికి ఎండిపోయి ఉంటోంది. ఐసు తెచ్చి బకెట్లో వేసి ఫ్యాను ముందు పెడితే వేడి నీళ్లయిపోతోంది. జోకులు మానేశాడు. నన్ను పట్టుకుని "కిటికీ తియ్యవే" అంటాడు. కిటికీ తీసే ఉంది. తీస్తే వడగాలే వస్తోంది.

పగలు ఆయన్ని వంటగది పక్క సామాన్ల గదిలో పడుకోబెడతానంటే సూపర్‌వైజరు కుదరదన్నాడు. తిండి సామాన్లుండే చోట రోగిని పెట్టకూడదట. బండిని నీడకి జరిపించమంటే, మూత విప్పించమంటే, నీ ఉత్తరం చూపిస్తున్నాడు. "యజమానురాలు రాతపూర్వకంగా అడిగింది. మళ్లీ రాతపూర్వకంగా చెప్పమను, అరగంటలో చేయిస్తాను. నువ్వు చెయ్యి వేశావంటే బండితో సహా గేటు బయట ఉంటారు" అంటున్నాడు.

ఒక్క ముక్క రాయి అక్కా. మూత విప్పొచ్చు, గోడ నీడకి జరపొచ్చు అని. డ్రైవరుని నీ గుమ్మం ముందే నిలబెట్టుకుని రాసి పంపు. వేరే ఏమీ వద్దు.

చిట్టి

*

అల్లుడి ఇంటి వెనక గది నుంచి

చిట్టికి,

డ్రైవరు నిలబడ్డాడు. నా చెయ్యి ఆడటం లేదు.

నువ్వు అడిగింది కాదనటం లేదు. కానీ తారు పూశాక మరలు విప్పితే రేకు చిరుగుతుందేమో, ఆ చిరుగులోంచి వాన దిగితే లోపల చెక్క ఉబ్బిపోతుందేమో, మెకానిక్కుని ఒక మాట అడగాలి కదా. అతను ఊళ్లో లేడు. గోడ నీడ అంటున్నావు, ఆ గోడ ఎంత ఎత్తు, పక్కన లారీలు తిరుగుతాయా, వెనక్కి వస్తూ గుద్దితే? ఇవన్నీ కనుక్కుని రాయి. వచ్చే వారం వానలని టీవీలో చెప్పారు, కొంచెం ఓర్చుకో. ఇక్కడ కూడా ఎండలే, నేనూ ఉక్కపోతతో చస్తున్నాను, ఎవరికి చెప్పుకోను?

మరిదికి నీళ్లు ఎక్కువ తాగించు. తాగేటప్పుడు పరుపు మీద పడకుండా కింద తువ్వాలు పెట్టు.

ఆలోచించి రాస్తాను.

అక్క

*

గోడౌను నుంచి

అక్కా,

ఆయన పోయాడు. నేను మధ్యాహ్నం వంట దించి వెళ్లేసరికి ఒళ్లు ముట్టుకుంటే కాలింది. ఆసుపత్రి దాకా ఉన్నాడు.

నువ్వింక ఆలోచించక్కర్లేదు.

*

అల్లుడి ఇంటి వెనక గది నుంచి

నా చిట్టితల్లికి,

ఎంత పని అయిపోయిందే. ఉత్తరం పట్టుకుని గోడకి చేరగిలబడిపోయాను. అమ్మాయి వచ్చి నీళ్లు తాగించింది. బంగారం లాంటి మనిషి. రావాలని ఎంత కొట్టుకున్నా ఈ ఎండలో నన్ను ఎవరు తీసుకొస్తారు, దారిలో నాకేమైనా అయితే మళ్లీ నీకే కష్టం. ఏం చేస్తాం, ఆయనకి అంతే రాసిపెట్టి ఉంది. నీ తప్పేం లేదు, నువ్వు కుమిలిపోకు.

అడగకూడదు గానీ అడుగుతున్నాను, పరుపు మీద పడుకునే ఉన్నాడా అప్పుడు? కొత్త తొడుగు వేశావా? వాసనలాంటిది ఉంటే తలుపు తీసి ఉంచు, కానీ రాత్రి మర్చిపోకుండా గడియ పెట్టు. నిన్ను తొందరగా ఖాళీ చెయ్యమని నేను అనను. నీకు ఎన్నాళ్లుండాలంటే అన్నాళ్లు ఉండు.

అక్క

*

వంటగది పక్క సామాన్ల గది నుంచి

అక్కా,

బండి ఖాళీ చేశాను. నాకు ఈ సామాన్ల గదిలో చోటిచ్చారు. ఒక్కదాన్నే కదా, రోగిని కాదు కదా.

బండికి ఏమీ కాలేదు. కొత్త తొడుగు వేసే ఉంది, మరక లేదు. వెండి కాగితాలు తీసి అద్దాలు తుడిచాను. గుడ్డ పందిరి ముడిచి తాళ్లు బిగించాను. రేకు మీద తుప్పు చుక్క కూడా లేదు. పైన మూత నువ్వు బిగించమన్నట్టే ఉంది. వానలు పడ్డాయి, ఒక్క చుక్క లోపలికి దిగలేదు.

తాళంచెవి సూపర్‌వైజరు దగ్గర ఉంది.

*

బండిలోంచి

చిట్టికి,

ఏడాది తిరిగి మళ్లీ ఎండలు వచ్చేసరికి నా గతి ఇదైంది చూడు. అల్లుడి తల్లికి మోకాళ్లు పట్టేశాయట, ఆవిడకి కింద గది కావాలట, అది నా గదే. "మీకు ఎలాగూ సొంత ఇల్లుంది కదా అత్తయ్యగారూ" అన్నాడు నవ్వుతూ. అమ్మాయి నేల చూపులు చూసింది.

నిన్న కారు దిగినప్పుడు నువ్వు వంటగది గుమ్మంలో నిలబడి చూసి లోపలికి వెళ్లిపోయావు. పిలిచాను, వినబడలేదేమో. అందుకే ఈ చీటీ అన్నం తెచ్చినావిడ చేతికి ఇస్తున్నాను. మన మధ్య ఈ మైదానం ఒక్కటే ఉంది, నువ్వు ఇటు రావు, నాకు ఎండలో అటు నడిచే ఓపిక లేదు.

ఇందులో ఎలా ఉంటారే? గాలి లేదు. పడమటి కిటికీ మండిపోతోంది. ప్లాస్టిక్ వీపుకి అంటుకుంటోంది, చింపుదామని అంచు పట్టుకున్నాను గానీ చెయ్యి రాలేదు. సూపర్‌వైజరుని బండి జరిపించమంటే, "ఎక్కడికండీ, చెట్టు మీరు చెప్తేనే కొట్టించాం, గోడ పక్కనంతా సరుకు పేర్చాం" అన్నాడు. మూత విప్పడానికి మెకానిక్కుకి కబురు పెడితే మళ్లీ నెల వస్తానన్నాడట.

పగటిపూట కాసేపు నీ గదిలో ఒక మూల పడుకోనా?

అక్క

*

వంటగది నుంచి

అక్కా,

నా గదిలో తిండి సామాన్లున్నాయి, బయటివాళ్లు పడుకోకూడదు. సూపర్‌వైజరు ఒప్పుకోడు. అతన్ని కనుక్కుని రాస్తాను.

అయినా బండి వదిలి ఎలా వస్తావు? దొంగలు వస్తారేమో. గుమ్మం రోడ్డు వైపే ఉంది, కూర్చుని చూస్తూ ఉండు.

*

బండిలోంచి

చిట్టీ,

కళ్లు తిరుగుతున్నాయి. నువ్వు నామీద కోపంగా ఉన్నావని తెలుసు. ఎంత కోపమున్నా నేను నీ అక్కని. నువ్వు మరిది కోసం ఏవేవో చేశావు కదా, ఆ వెండి కాగితం, ఆ గోనె సంచులు. నాలుగు సంచులు తడిపి ఎవరిచేతైనా పైన వేయించు. తుప్పు పడితే పట్టనీ. పందిరి తాళ్లకి నువ్వు బిగించిన ముడి నా చేత ఊడటం లేదు, ఎవరినైనా పంపి విప్పించు. మీ ఆయన ఇందులోనే పడుకున్నాడు కదా, నాకు పడుకుంటే అదే గుర్తొస్తోంది. భయంగా ఉంది.

ఒక్క ముక్క రాయి. వస్తానని.

అక్క

*

వంటగది నుంచి

అక్కా,

నువ్వు అడిగింది కాదనటం లేదు. గోనె సంచులు ఉన్నాయి. పొద్దున్నే తడిపాను, నా గుమ్మానికి వేలాడదీసుకున్నాను, గది చల్లగా ఉంది. నీకు పంపుదామనే అనుకున్నాను. కానీ ఆ రేకు ఎంత పల్చనో నువ్వే రాశావు కదా, చుక్క పడితే పొక్కులు పొక్కులుగా పాకుతుందట. కిటికీకి కాగితం వేస్తే మరక. పందిరి విప్పితే గాలికి చిరుగుతుందేమో. బావగారి గుర్తు. నీకున్న కప్పు అదొక్కటే. నా చేతులమీదుగా దానికేమైనా అయితే నీకు ఏం సమాధానం చెప్పను? ఆ ఆలోచనతోనే నాకు కంటి మీద కునుకు లేదు.

వచ్చే వారం వానలంటున్నారు. కొంచెం ఓర్చుకో. నీళ్లు తాగేటప్పుడు పరుపు మీద పడకుండా కింద తువ్వాలు పెట్టుకో.

అన్నం పంపాను. పొయ్యి మీంచి దించి అలాగే మూత పెట్టాను, వేడిగా ఉంటుంది.

చిట్టి